సోంగ్ కాలపు తెల్ల పింగాణీ భరిణె: అసలుదో నకిలీదో ఎలా పోల్చుకోవాలి?

సింగపూర్_సుధ: ఇక్కడ ఒక పాత సామాన్ల షాపులో అరచేతిలో పట్టేంత భరిణె చూశాను. మూత మీద పువ్వు, చుట్టూ చామంతి రేకుల్లా గాడులు. చైనాలో సోంగ్ వంశం ఏలిన కాలం (960–1279) నాటి చింగ్‌బాయ్, అంటే నీలి ఛాయ ఉన్న తెల్ల పింగాణీ అంటున్నాడు. తెలుపే గానీ గాడుల్లో లేత నీలం కనిపిస్తోంది, తర్వాత పూసిన రంగేమోనని డౌట్.

మట్టిపిచ్చి: నీలం చూసి కంగారు పడకండి, చింగ్‌బాయ్ అందమే అది. గ్లేజులోని, అంటే పైన ఉండే గాజులాంటి పూతలోని, కాస్త ఇనుము గాలి సరిగా ఆడని బట్టీలో కాలితే ఆ ఛాయ వస్తుంది, గాడుల్లో గ్లేజు మందంగా చేరుతుంది కాబట్టి అక్కడే ఎక్కువ తెలుస్తుంది. మీరు మూత తీసి అంచులు చూడండి. మూత పెట్టే కాల్చేవాళ్లు, అందుకే రెండూ కలిసే చోట గ్లేజు ఉండదు, ఉంటే అతుక్కుపోతాయి కదా. అక్కడా నున్నగా మెరుస్తుంటే నేనైతే ముట్టను.

పాతసామాను: అదొక్కటే చూసి కొనేయకండి మేడమ్, నకిలీలు చేసేవాళ్లకీ ఆ సంగతి తెలుసు. పింగాణీకి పేరున్న చైనా ఊరు జింగ్‌దెజెన్ భరిణెలు కొన్నింటి అడుగున ‘ఫలానా ఇంటివారి భరిణె’ అని ముద్ర ఉంటుంది. ఒకాయన అది చూపించే నాకు అంటగట్టబోయాడు. ముద్ర కాపీ కొట్టడమంత తేలిక ఇంకోటి లేదు.

చికాగో_బాబాయ్: ముద్రని మరీ తీసిపారేయకు తమ్ముడూ. జావా సముద్రంలో మునిగిన ఒక ఓడ సరుకు ఇక్కడి ఫీల్డ్ మ్యూజియంలో ఉంది. అందులో రెండు భరిణెల అడుగున ‘జియాన్‌నింగ్ ఫు’ అని చైనాలోని ఒక ప్రాంతం పేరు రాసి ఉంది. ఆ ప్రాంతానికి ఆ పేరు 1162లో వచ్చి, మంగోలుల చేతికి వెళ్లాక 1278 ప్రాంతంలో మారింది. ఓడ మునిగింది 13వ శతాబ్దం రెండో సగంలో అనుకుంటూ వచ్చినవాళ్లు ఈ రాతా, వయసు తేల్చే కార్బన్ పరీక్షలూ కలిపి చూసి, 2018లో దాన్ని దాదాపు వందేళ్లు వెనక్కి జరిపారు. షాపులో ముద్ర వేరు, సముద్రం అడుగున దొరికిన ముద్ర వేరు.

సింగపూర్_సుధ: ఇంతకీ వీటిలో ఏం పెట్టుకునేవాళ్లు?

మట్టిపిచ్చి: ముఖానికి పౌడరు, బుగ్గలకి ఎరుపు, కనుబొమలకి నలుపు. ధూపం సరుకులకి కూడా. కొన్నింటి లోపల మూడు బుల్లి గిన్నెలు, మధ్యలో తామర తూడులు, అవంటే నాకు ప్రాణం. ఎగుమతికైతే చైనా తీరంలోని ఫుజియాన్ రాష్ట్రం దెహువాలో అచ్చుల్లో నొక్కి చేసేవాళ్లు, సోంగ్ కాలంలో మునిగి 1987లో బయటపడిన నాన్‌హై-1 ఓడలో దెహువా సరుకు బోలెడు.

పాతసామాను: ముందు పాత బిల్లు, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కాగితాలు అడగండి. నీళ్లు నమిలితే వెనక్కి వచ్చేయండి.

సింగపూర్_సుధ: సరే, శనివారం వెళ్లి మూత తీయిస్తా. ఆ మూడు గిన్నెల భరిణె ఫోటో ఉంటే పెట్టండి.