స్మియర్ నెగటివ్ వచ్చింది, మాయలో (ప్లాసెంటాలో) మలేరియా ఉంటే బయోమార్కర్లు పట్టిస్తాయా?

ప్రశ్న: ఆరో నెల గర్భిణి. ఫాల్సిపారం రకం మలేరియా ఎక్కువున్న ప్రాంతం. స్మియర్ (రక్తచుక్కను సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష), ఆర్‌డీటీ (కిట్‌తో చేసే త్వరిత పరీక్ష) రెండూ నెగటివ్. జ్వరం లేదు. ఐరన్ మాత్రలు వాడుతున్నా హిమోగ్లోబిన్ దిగుతోంది. రక్తంలో బయోమార్కర్లు (జబ్బును సూచించే పదార్థాలు) చూడటం దండగా?

జవాబు: ముందు పీసీఆర్ (పరాన్నజీవి డీఎన్‌ఏను పట్టే పరీక్ష) చేయించండి. ఫాల్సిపారం సోకిన ఎర్రకణాలు మాయలోని కాండ్రాయిటిన్ సల్ఫేట్-ఏ అనే పదార్థాన్ని అంటిపెట్టుకుని అక్కడే ఉండిపోతాయి, వేలికొస చుక్కలోకి వచ్చేవి బాగా తక్కువ. స్మియర్‌లో దొరకాలంటే మైక్రోలీటరుకు 50–100 పరాన్నజీవులు ఉండాలి, ఆర్‌డీటీకి 100–200. పీసీఆర్‌కు ఐదులోపే చాలు. ఆర్‌డీటీ కిట్ ఏదో కూడా చూడండి. పరాన్నజీవి చేసే హెచ్‌ఆర్‌పీ2 ప్రోటీన్‌ను వెతికే కిట్ అయితే, ఆ ప్రోటీన్ జన్యువు పోయిన పరాన్నజీవికి గీత రాకపోవచ్చు. అదే కిట్ మందు వాడిన వారాల తర్వాత కూడా పాజిటివ్ చూపిస్తుంది, పీఎల్‌డీహెచ్ (పరాన్నజీవి ఎంజైమ్) వెతికే కిట్ అయితే పాజిటివ్ త్వరగా పోతుంది.

మరో జవాబు: దండగ కాదు గానీ, చికిత్స నిర్ణయానికి చాలవు. ఐఎల్-10, సీఎక్స్‌సీఎల్10 (రోగనిరోధక సంకేత ప్రోటీన్లు), ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 (మాయ విడిచే ప్రోటీన్) పెరిగితే మాయ ఇబ్బంది పడుతోందని తెలుస్తుంది, ఎందుకో తెలియదు. ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 ప్రీఎక్లాంప్సియాలోనూ (గర్భంలో వచ్చే అధిక రక్తపోటు జబ్బు) పెరుగుతుంది, నెలలు నిండేకొద్దీ మామూలుగానూ పెరుగుతుంది. అందుకే గర్భ వారాలు రాయని నమూనా విలువ సున్నా. సీఆర్‌పీ (వాపును సూచించే ప్రోటీన్) అయితే మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు కూడా లేస్తుంది. ఎస్‌పీ (సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్) మలేరియా నివారణ డోసులిచ్చే చోటైతే, మార్కర్ బాగుందని డోసు ఆపకండి.

ప్రశ్న: అధ్యయనానికే అనుకోండి. నమూనా ఎలా తీయాలండి?

జవాబు: అందరికీ ఒకే రకం ట్యూబు, ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం) ఉన్నది. కుదపకుండా మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయండి. సెంట్రిఫ్యూజ్‌లో (రక్తాన్ని తిప్పి పొరలుగా విడదీసే యంత్రం) పెట్టకముందే 50 మైక్రోలీటర్లు ఫిల్టర్ పేపర్‌పై వేసి, బాగా ఆరాక సిలికా జెల్‌తో సంచిలో పెట్టండి, పీసీఆర్‌కు అదే. మిగతాది చల్లగా ఉంచి రెండు గంటల్లో తిప్పేయండి. ప్లాస్మా (పైన తేలే ద్రవం) లాగేటప్పుడు ఎర్రకణాల మీదుండే తెల్లపొర పైన కాస్త వదిలేయాలి. ఆశపడి అడుగుదాకా లాగితే ప్లేట్‌లెట్లు వస్తాయి, ఫ్రీజర్‌లో గట్టిపడి కరిగినప్పుడు వాటిలోని యాంజియోపొయెటిన్-1 అనే ప్రోటీన్ బయటపడి దాని అంకె తప్పుగా పెరుగుతుంది. చిన్న చిన్న వంతులుగా మైనస్ 80 డిగ్రీల సెల్సియస్‌లో పెట్టండి, ఒక్కో వంతును ఒక్కసారే కరిగించాలి.

ఇంకో మాట: రక్త ఫలితాలను చివరికి సరిపోల్చేది మాయ ముక్కతోనే. కాన్పు కాగానే తల్లివైపు నుంచి, బొడ్డుతాడుకూ అంచుకూ మధ్యలో, రెండు సెంటీమీటర్ల ముక్క తీసి 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయండి. బఫర్ లేకపోతే ఫార్మలిన్ ఆమ్లంగా మారి నల్లటి రేణువులు వదులుతుంది. పోలరైజ్డ్ కాంతిలో అవీ మెరుస్తాయి, హీమోజోయిన్ (మలేరియా పరాన్నజీవి వదిలే రంగు రేణువులు) అనుకుని పాత మలేరియా అని రాసేస్తారు.