నవగుంజర వాయింపుని ‘దరువు’ అనొచ్చా?

పర్లాకిమిడి నుంచి:
మా కుర్రాళ్లు డప్పులు, డోళ్లు, తాషాలు, ఒక మృదంగం కలిపి నవగుంజర మీద, అదే ఒడియా మహాభారతంలో తొమ్మిది జీవుల ముక్కలు కలిసిన జంతువు మీద, కొత్త వాయింపు కట్టారు. పాట లేదు, మాట లేదు. ఒడియా కరపత్రం అచ్చుకి వెళ్లిపోయింది, తెలుగుది పేరు కుదరక ఆగింది. ‘తాళవాద్య కచేరి’ అంటే రేడియో మాటలా ఉంది. ‘నవగుంజర దరువు’ అందామని నేను. ఏమంటారు?

గుణుపురం నుంచి:
దరువంటే డప్పు మీద దెబ్బల వరసే కదా మాస్టారూ. మొత్తం వాయింపుకి సరిపోద్దా?

పర్లాకిమిడి నుంచి:
ఇంకో దరువుంది తమ్ముడూ. యక్షగానంలో, కూచిపూడిలో పాత్ర తానెవరో చెప్పుకుంటూ వచ్చేది ప్రవేశ దరువు. భామాకలాపంలో ‘భామనే సత్యభామనే’ అదే. ఇక్కడ జంతువు కూడా ముక్కముక్కగా వస్తుంది. కోడిపుంజు తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక, ఏనుగు, పులి, గుర్రం కాళ్లు. తొమ్మిదోది మనిషి చెయ్యి. తాళం నడక కూడా తొమ్మిది అక్షరాలదే, దాన్నే సంకీర్ణం అంటారు: తకధిమి తకతకిట.

బరంపురం నుంచి:
సత్యభామ నోరారా చెప్పుకుంటుంది. సాహిత్యం లేకుండా ప్రవేశ దరువేటండీ? దరువు నడుమ జతులు, అంటే తకధిమి లాంటి తాళపు ముక్కలు, పడతాయి గానీ జతులే దరువైపోవు.

పర్లాకిమిడి నుంచి:
ఆ మాట నిజమే. కానీ 15వ శతాబ్దపు ఒడియా కవి సరళాదాసు మహాభారతంలో అర్జునుడు దాన్ని పోల్చుకున్నది పేరు విని కాదు కదండీ. విల్లు ఎత్తాక, తామరపువ్వు పట్టుకున్న మనిషి చెయ్యి చూసి, కృష్ణుడని తెలిసి దించేశాడు. మావాళ్లు దాన్నే పట్టుకున్నారు. కోడితల మొదలు గుర్రం కాలి దాకా అంతా పుల్లలే: డప్పుకి సిర్రా, చిటికెన పుల్లా, మిగతావాటికి కర్రలు. మృదంగాన్ని ముట్టుకోరు. తొమ్మిదో భాగంలో పుల్లలన్నీ కింద పెట్టేసి, వట్టి చేత్తో మృదంగం. ఇంతకన్నా తానెవరో చెప్పుకోవడం ఏముంటుంది?

కాశీనగరం నుంచి:
చిన్న పిడకలవేట. గంజపా పేకముక్కల్లో నవగుంజర రాజు, అర్జునుడు మంత్రి.

బరంపురం నుంచి:
సరే, చెయ్యి సంగతి విన్నాక ‘దరువు’కి ఒప్పుకుంటాను. ‘ప్రవేశ’ మాత్రం చేర్చకండి. అడుగున ‘ప్రవేశం ఉచితం’ అని ఎలాగూ వేస్తారు, ఏ ప్రవేశమో తెలీక జనం ఫోన్లు చేస్తారు.