చెమటలో సన్‌స్క్రీన్ నిలిచేదెలా? మంగుతో బాధపడినవారు చెప్పండి

మాది అమలాపురం దగ్గర పల్లె. కాన్పు తర్వాత మా వదినకు బుగ్గల మీదా, పై పెదవి మీదా మంగు వచ్చింది. రొయ్యల చెరువులో మేత చల్లే పని ఆమెదే. నెత్తిన కొంగు కప్పుకున్నా నీటి మీద నుంచి ఎగదన్నే ఎండ ముఖానికే తగులుతుంది.

మందుల షాపులో ఇచ్చిన క్రీముతో మొదట తెల్లబడింది, మానగానే ఇంకా నల్లబడింది. చర్మం కూడా ఎర్రగా పలచబడింది. ట్యూబు మీద హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ అని ఉంది. అందులో మొమెటసోన్ అనేది స్టెరాయిడ్ అని ఒక్కరూ చెప్పలేదు, నా కోపమంతా అదే.

ఇప్పుడు డాక్టరు మంగుకు అజెలాయిక్ యాసిడ్ అనే పూతమందు, దాంతోపాటు ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్ రాశారు. సన్‌స్క్రీన్‌ను రెండు గంటలకోసారి పూయమన్నారు. మేత అంటిన చేతులతో, ధారగా కారే చెమటలో అది ఎలా కుదురుతుంది? చెరువు పనులకో వరినాట్లకో వెళ్లేవారు ఏం చేస్తున్నారు? బిడ్డకు పాలిస్తోంది, మాత్రల సంగతి వద్దు. నిమ్మరసం చిట్కాలు మా ఇంట్లోనే బోలెడు.