తీర్పు మొదటి పేజీలోనే ఫలితం, కారణం చెప్పాలా?

జార్జిటౌన్ జూనియర్:
నిన్న పెరంబూరు నుంచి ఒక పెద్దాయన అప్పీలు తీర్పు కాపీ పట్టుకొచ్చారు. ప్రహరీ గోడ హద్దు తగాదా. 64 పేజీలు, అంతా ఇంగ్లీషు. ఓడిపోయామని చివరి పేజీ చూస్తే తెలిసిందట, ఎందుకో మాత్రం అంతుచిక్కలేదు. నేను వెతికితే 51వ పేజీలో దొరికింది: ఆయన దస్తావేజులో తూర్పు హద్దుగా రాసింది గోడ కాదు, కాలువ. రెండే వాక్యాలు! అంతకుముందు 30 పేజీలు పాత తీర్పుల్లోంచి ఎత్తిరాసినవే. ఫలితం, దానికి కారణం మొదటి పేజీలోనే ఉండాలంటాను.

పాత స్టెనో:
బాబూ, ముప్పై ఏళ్లు కోర్టులో డిక్టేషన్ తీసుకున్నాను. ఆ 30 పేజీలు గొప్పకు రాసినవి కావు. లాయరు చూపించిన తీర్పును ప్రస్తావించకపోతే ‘ఇది పరిశీలించలేదు’ అని పై కోర్టు తప్పు పడుతుందేమోనని టెన్షన్. సాయంత్రం బెంచి దిగాక డిక్టేషన్ మొదలైతే, కుదించే తీరిక ఎక్కడిది? నిజానికి అప్పీలు తీర్పులో సివిల్ ప్రొసీజర్ కోడ్ (సివిల్ కేసులు నడపాల్సిన పద్ధతి చెప్పే చట్టం) అడిగేవి కొన్నే: తేల్చాల్సిన అంశాలు, నిర్ణయం, కారణాలు, కింది తీర్పు మారితే దక్కాల్సిన ఊరట.

అడయారు భారతి:
జూనియర్ గారూ, మీ బాధ అర్థమైంది, కానీ సారాంశం ప్రమాదం. రాజ్యాంగాన్ని పార్లమెంటు ఎంతవరకు సవరించవచ్చో సుప్రీంకోర్టు తేల్చిన 1973 కేశవానంద భారతి కేసు చూడండి. 13 మంది జడ్జీలు, 11 తీర్పులు. చివర్లో మెజారిటీ అభిప్రాయమంటూ పెట్టిన చిన్న సారాంశంపై 9 మందే సంతకం చేశారు, నలుగురు చేయలేదు. దానికి ఎంత విలువ ఇవ్వాలో తర్వాత కూడా వాదించుకున్నారు. మొదటి పేజీలో ఒక మాట, లోపల ఇంకో మాట ఉంటే నష్టపోయేది మీ పెద్దాయనే.

జార్జిటౌన్ జూనియర్:
భారతి గారూ, అక్కడ అన్ని తీర్పుల్లోంచి ఒక్క మాట పిండాల్సి వచ్చింది. ఇక్కడ రాసింది ఒక్క జడ్జి. సారాంశంలో ప్రతి మాట పక్కన లోపలి పేరా నంబరు వేస్తే తేడా అప్పుడే బయటపడుతుంది. పేరా నంబర్లు ఉండాలని, పెద్ద తీర్పుకు విషయసూచిక ఉంటే మంచిదని 2022లో స్టేట్ బ్యాంకు ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. హైకోర్టు తీర్పు అర్థం కాక మళ్లీ విచారించమని వెనక్కి పంపింది కూడా. పెద్దాయనకు సెకండ్ అప్పీలు, అంటే ఈ అప్పీలు తీర్పుపై హైకోర్టుకు వెళ్లడానికి, గడువు 90 రోజులు. అందులో గట్టి న్యాయ ప్రశ్న ఉంటేనే హైకోర్టు తీసుకుంటుంది. వేయాలో వద్దో ఆ కాలువ వాక్యాలు రెండూ చదివే తేల్చుకోవాలి. కాపీ అందిన మూడు వారాలకు గానీ అవి ఆయన కంటబడలేదు.