పురిటి గదిలో సాంబ్రాణి పొగ: క్రిములు చస్తాయా, బిడ్డ ఊపిరికి చేటా?

పాతపట్నం కోడలు:
మా పాపకు ఇంకా నెల నిండలేదు. అత్తయ్య రోజూ సాయంత్రం తలుపులు మూసి, నిప్పుల మీద సాంబ్రాణి, గుగ్గిలం వేస్తున్నారు. ఆసుపత్రిలో పొగ వద్దన్నారు. ఫోనులో వచ్చిన ఒక వ్యాసం మాత్రం ఆ బంక సూక్ష్మజీవులను చంపుతుందని రుజువైందంటోంది. ఎవరి మాట వినాలి?

రాజాం పెద్దాయన:
అత్తగారి మాట వినండమ్మా. మా ఇంటి పిల్లలందరూ ఆ పొగలోనే పెరిగారు. ప్రయోగశాలలోనూ తేలాక ఇంకా అనుమానమెందుకు?

బొబ్బిలి ఫార్మసీ:
ప్రయోగాలు నిజమే పెద్దాయనా, కానీ అవి పొగ మీద చేసినవి కావు. సాంబ్రాణినిచ్చే అందుగు చెట్టు బంకలో బోస్వెల్లిక్ ఆమ్లాలుంటాయి. వాటిలో ఏకేబీఏ అనేదాన్ని శుద్ధి చేసి పరీక్షించిన ఫలితాలు 2011లో వచ్చాయి. పుండ్లకు చీము పట్టించే స్టెఫిలోకాకస్ వంటి, బ్యాక్టీరియాలోని రెండు పెద్ద తెగల్లో ఒకటైన గ్రామ్ పాజిటివ్ రకాలను అడ్డుకోవడానికి మిల్లీలీటరుకు 2 నుంచి 8 మైక్రోగ్రాములు చాలాయి. ఇది చిన్న విషయం కాదు. అయితే రెండో తెగ అయిన గ్రామ్ నెగటివ్ రకాల మీద అది పనిచేయలేదు. మన దేశంలో నవజాత శిశువుల ప్రాణం తీసే, ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్ అయిన సెప్సిస్‌కు క్లెబ్సియెల్లా వంటి ఆ రకాలే ఎక్కువగా కారణం.

ఇక నిప్పుల సంగతి. ఆ ఆమ్లాలు ట్రైటెర్పీన్లనే బరువైన, తేలిగ్గా ఆవిరికాని పదార్థాలు, వేడికి చాలావరకు విరిగి వేరే పదార్థాలవుతాయి. ముందుగా ఎగిరేది సుగంధ తైలం. ఆల్ఫా థుజీన్, ఆల్ఫా పైనీన్ అందులోవే. వాటి వెంటే సన్నని మసి, కార్బన్ మోనాక్సైడ్, సరిగా కాలనప్పుడు పుట్టే హానికర రసాయనాలైన పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు వస్తాయి. తలుపులు మూసిన గదిలో పాప పీల్చేది వీటిని!

రాజాం పెద్దాయన:
మరి దోమల మాటేమిటి?

బొబ్బిలి ఫార్మసీ:
కాస్త తగ్గవచ్చు, కాదనను. దానికి దోమతెర ఉంది కదా. పైగా కొట్టులో ఇచ్చేది ఏ బంకో చూశారా? అందుగు బంక వేరు, సాల చెట్టు గుగ్గిలం వేరు, ఇండొనేషియా నుంచి వచ్చే బెంజోయిన్ అనే మరో చెట్టు బంక వేరు. కప్పు సాంబ్రాణిలోనైతే బొగ్గుపొడి, రంపపు పొట్టు, అత్తరు కలుస్తాయి. ఏకేబీఏకి వచ్చిన ఫలితాన్ని వీటన్నిటికీ అంటగట్టడం తప్పు.

నరసన్నపేట నర్సు:
నాకు పొగ కంటే బొడ్డు గురించే భయం. గుగ్గిలం పొడి నూనెలో కలిపి రాయమని ఎవరైనా చెబితే గట్టిగా వద్దనండి. ఆ పొడిని ఎవరూ శుద్ధి చేయరు, అందులో ఏ క్రిములున్నాయో ఎవరికీ తెలియదు. బొడ్డు ఊడేదాకా దాన్ని పొడిగా వదిలేయడమే మేలు. బిడ్డ పాలు తాగకపోయినా, ఎగశ్వాస వచ్చినా ధూపాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రాజాం పెద్దాయన:
నా అభిప్రాయం మారలేదు. పోనీ, తలంటుకున్న బాలింతకు వరండాలో వేస్తే కూడా అభ్యంతరమేనా?

బొబ్బిలి ఫార్మసీ:
తల్లికి దగ్గు, ఆయాసం లేకపోతే కాసేపు వేసుకోవచ్చు. బిడ్డను మాత్రం పొగ చేరని గదిలో పడుకోబెట్టండి.