ఇన్‌ఫ్లమేషన్‌ను ‘వాపు’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి కోసం చిన్న పుస్తకం రాస్తున్నాను. ‘శరీరంలో ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువగా ఉన్నవారిలో డిప్రెషన్ కూడా ఎక్కువగా కనిపిస్తోంది’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. మొదటి మాటకు వాపు, మంట, శోథ, తాపం ఉన్నాయి. రెండోదానికి దిగులు, కుంగుబాటు, వ్యాకులత, మాంద్యం. ఏవి వాడమంటారు?

జవాబు: ‘వాపు’ మాత్రం వద్దండి. వాపు అనగానే చదివేవారు కాళ్లూ మొహమూ తడిమి చూసుకుంటారు. ఏమీ కనిపించకపోతే ఇది మన సంగతి కాదులే అని పేజీ తిప్పేస్తారు. ఇన్‌ఫ్లమేషన్ అంటే దెబ్బకో క్రిమికో మన రోగనిరోధక వ్యవస్థ చూపే ప్రతిస్పందన. 1వ శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ దీనికి ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని నాలుగు గుర్తులు చెప్పాడు. తెగిన వేలికి ఆ నాలుగూ సరిపోతాయి. హెచ్‌ఐవీలో ఏళ్ల తరబడి సాగే ఇన్‌ఫ్లమేషన్‌కు పైకి ఒక్క గుర్తూ ఉండకపోవచ్చు. రక్తపరీక్షలో దాన్ని పట్టిచ్చే సీఆర్‌పీ, ఐఎల్-6 లాంటి ప్రొటీన్లు కాస్త పెరిగి ఉంటాయి, అంతే.

అసలు లోపల జరిగేది చూడండి. వైరస్ ఒంట్లో చేరిన తొలి వారాల్లోనే పేగుల్లోని సీడీ4 అనే రోగనిరోధక కణాలను పెద్ద ఎత్తున నాశనం చేస్తుంది. పేగు గోడ బలహీనపడి, అక్కడి బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి జారుతుంటాయి. వాటిని చూసి రోగనిరోధక వ్యవస్థ ఉలిక్కిపడుతూనే ఉంటుంది. హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులతో వైరల్ లోడ్ (రక్తంలోని వైరస్ మోతాదు) పరీక్షకు అందనంతగా పడిపోయాక ఈ అలజడి బాగా తగ్గుతుంది గానీ, చాలామందిలో పూర్తిగా పోదు. నివురుగప్పిన నిప్పు అన్న పలుకుబడి దీనికి అచ్చంగా సరిపోతుంది.

ఇక మనసు సంగతి. ఈ అలజడిలో పుట్టే సైటోకైన్లు (రోగనిరోధక కణాలు పంపే సంకేత ప్రొటీన్లు) ఐడీఓ అనే ఎంజైమును రెచ్చగొడతాయి. మనసు స్థితితో ముడిపడిన మెదడు రసాయనం సెరటోనిన్. దాని తయారీకి ముడిసరుకైన ట్రిప్టోఫాన్‌ను ఆ ఎంజైము కైన్యురెనిన్ అనే మరో పదార్థం వైపు మళ్లిస్తుంది. ఆ దారిలోనే తయారయ్యే క్వినోలినిక్ ఆమ్లం మెదడు కణాలకు హాని చేయగలదు. కారణం ఇదొక్కటే అనుకోకూడదు. వెలివేస్తారన్న భయం, ఒంటరితనం, ఎఫావిరెంజ్ లాంటి కొన్ని హెచ్‌ఐవీ మందుల ప్రభావం, ఇవన్నీ కలుస్తాయి. అయితే ఒకప్పుడు హెపటైటిస్ సీకి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే మందు అది. అంతకుముందు ఏ ఇబ్బందీ లేనివారిలో కూడా దాంతో డిప్రెషన్ మొదలయ్యేది. ఇన్‌ఫ్లమేషన్ మనసును కుంగదీయగలదని చెప్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

అందుకే ‘దిగులు’ కూడా వద్దంటాను. దిగులు పక్కన ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది: పిల్లల గురించి దిగులు, అప్పుల దిగులు. ‘హెచ్‌ఐవీ వచ్చాక దిగులు ఉండదా మరి’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు, ఒక్కోసారి డాక్టర్లు కూడా. వైద్యం చేయదగ్గ జబ్బు అక్కడే మరుగున పడిపోతుంది. తలుచుకుంటే చాలా బాధేస్తుంది. మాంద్యం ఎప్పుడో ఆర్థిక వార్తల్లోకి వెళ్లిపోయింది, వ్యాకులత ఆందోళన వైపు లాగుతుంది. కుంగుబాటు బాగుంది. పొద్దు కుంగుతుంది, నేల కుంగుతుంది, కారణం చెప్పమని ఆ మాట ఎవరినీ నిలదీయదు.

మరో సభ్యురాలు: కుంగుబాటుకు నా ఓటు కూడా. కానీ నివురుగప్పిన నిప్పు అంటే ఎప్పుడో ఒకరోజు భగ్గుమంటుందనే కదా అర్థం? రోజూ మందు వేసుకుంటూ ఆరోగ్యంగా ఉన్నవారిని ఊరికే టెన్షన్ పెట్టినట్టవుతుంది. పైగా, ఆ నిప్పును ఆర్పే మందేదని అడిగితే ఏం చెప్తారు?

జవాబు: మీరన్నది న్యాయమే. మందులు మానకుండా వాడేవారిలో వైరస్ అణిగే ఉంటుంది, ఆ ధైర్యం చెడగొట్టకూడదు. అయితే ‘లోపలి సెగ’ అందామా? మంట కంటికి కనిపించకపోయినా సెగ తగులుతుంది. సెగగడ్డ అన్న మాటలో వైద్యానికి సంబంధించిన అర్థం ఎలాగూ ఉంది.

ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించి డిప్రెషన్‌ను నయం చేసే మందంటూ ఇంకా స్థిరపడలేదు. మొండి డిప్రెషన్ ఉన్నవారికి ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. మొత్తం మీద ఫలితం లేదు, సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం కొంత మేలు కనిపించింది. అది హెచ్‌ఐవీ ఉన్నవారి మీద చేసింది కాదు. మామూలుగా డిప్రెషన్‌కు ఇచ్చే మందులు, కౌన్సెలింగ్ హెచ్‌ఐవీ ఉన్నవారికి కూడా పనిచేస్తాయి. పుస్తకంలో ఇది పెద్ద అక్షరాల్లో ఉండాలి. మనసు బాగుపడుతుందని కొందరు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక, రక్తంలో కొన్ని ఏఆర్‌టీ మందుల స్థాయిని పడగొడుతుంది. ఆ హెచ్చరిక కూడా మరిచిపోకండి.

అడిగినవారు: ‘లోపలి సెగ’, ‘కుంగుబాటు’ తీసుకుంటున్నాను. మొదటిసారి మాత్రం పక్కన ఇన్‌ఫ్లమేషన్, డిప్రెషన్ అని కూడా రాస్తాను, డాక్టరు దగ్గర అవే వినిపిస్తాయి కదా. చివర్లో ‘మీ మనసు బాగుందా?’ అని ఒక ప్రశ్న పెట్టాను. చాలంటారా?

జవాబు: ఆ ప్రశ్నకు ఎవరైనా ‘ఆఁ, బాగానే ఉంది’ అనేస్తారు. అలసట, నిద్రలేమి, ఆకలి లేకపోవడం గురించి అడిగినా తేలదు, అవి జబ్బు వల్లా మందుల వల్లా కూడా వస్తాయి. ఇలా అడగండి: ‘ఈ రెండు వారాల్లో, ఒకప్పుడు ఇష్టంగా చేసిన పనుల మీద కూడా ఆసక్తి పోయిందా? నేను ఎందుకూ పనికిరానని అనిపిస్తోందా? మందు వేసుకుని ఏం లాభం అనిపిస్తోందా?’ ఒక్కదానికి అవునన్నా ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు చెప్పమనండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం అంతవరకు ఆగకుండా అదే రోజు చెప్పమని విడిగా రాయండి.