ఇరుగుపొరుగును పిలిచినప్పుడు మనమే కలపాలా, వాళ్లంతట వాళ్లే కలుస్తారా?

రాయగడ కోడలు:
మా వీధిలో సగం తెలుగు ఇళ్లు, సగం ఒడియా ఇళ్లు. దీపావళికి ముందు ఆదివారం అందరినీ టీకి పిలుస్తున్నాను. ఎవరింట్లో చూసినా మనవాళ్లు హాల్లో, వాళ్లు వరండాలో కూర్చుంటారు. ఈసారి నేనే పూనుకుని కలిపి కూర్చోబెడతానంటే, వచ్చినవాళ్లను ఇబ్బంది పెట్టొద్దంటున్నారు మావారు. మీరేమంటారు?

గుణుపురం మాస్టారు:
మీవారి మాటే నాదీనమ్మా. పెద్దవాళ్లను లేపి ఇటు కూర్చోండి, అటు కూర్చోండి అంటే నొచ్చుకుంటారు. 1936లో ఒడిశా ఏర్పడక ముందు, మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటి నుంచీ రెండు భాషలవాళ్లూ పక్కపక్కనే బతికారు. ఎవరూ కలపలేదు.

బరంపురం పిల్ల:
పక్కపక్కన బతకడం వేరు, మాట్లాడుకోవడం వేరు మాస్టారూ. కొత్తగా వచ్చిన కోడలికి మొదటి మాట ఎవరో ఒకరు అందించాలి. అక్కా, పేరూ ఊరూ చెప్పి వదిలేయకండి. మార్గశిర లక్ష్మివారం పూజ రెండు వైపులా ఉంది. వాళ్లు బియ్యప్పిండి నీళ్లతో ఝోటి వేసి లక్ష్మీపాదాలు గీస్తారు, మనం ముగ్గు వేస్తాం. బాగా వేసే ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి ఆ సంగతి ఎత్తండి చాలు.

పర్లాకిమిడి నుంచి:
అందరూ కుర్చీల గురించే మాట్లాడుతున్నారు. నేనైతే ముందు ప్లేటు చూస్తాను. మన కార్తీకం దీపావళి మర్నాడు మొదలవుతుంది. ఒడియావాళ్ల నెల పౌర్ణమితో ముగుస్తుంది కాబట్టి వాళ్లది పక్షం ముందే వచ్చేస్తుంది. మీరు పిలిచే ఆదివారానికి నిష్ఠ పాటించేవాళ్లు ఉల్లి, వెల్లుల్లి మానేసి ఉంటారు. మీరేమో ఉల్లిపకోడీ పెడతారు. తినలేనివాళ్లు వరండాలోకి పోక ఏం చేస్తారు? కార్తీక పౌర్ణమి దాటాక వ్యవహారం తిరగబడుతుంది. మర్నాడే వాళ్లకు ఛాడఖాయి, అంటే చేపా మాంసం మళ్లీ మొదలుపెట్టే రోజు. మనకింకా అమావాస్య దాకా కార్తీకమే. ఇది తెలియక రెండు వైపులా మనసు కష్టపెట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు.

గుణుపురం మాస్టారు:
వంట సంగతి ఒప్పుకుంటాను. చేయి పట్టుకుని కూర్చోబెట్టడం మాత్రం వద్దనే అంటాను. కుర్చీలు మోకాళ్లు నొప్పులున్నవాళ్లకే వేసి, హాలంతా చాపలు పరవండి.

రాయగడ కోడలు:
చాపలు వేస్తాను మాస్టారూ. ఉల్లి లేకుండా అరటికాయ బజ్జీలు చేస్తాను. కానీ ఝోటి వేసే పెద్దావిడను మాత్రం నేనే లోపలికి పిలుచుకొస్తాను.